తీసేసే హక్కు

ఒక మాసపత్రిక ఆరోగ్య శీర్షికకు పెళ్లయిన స్త్రీ ఒకామె ఉత్తరం రాసింది. శృంగారంలో చనుమొనలకు పెట్టుకునే క్లాంపుల గురించి అడిగింది. శీర్షిక నడిపే చర్మవ్యాధుల డాక్టరు జవాబు రాసి, అచ్చుకు పంపేముందు తన స్నేహితురాలికి చూపించింది. ఆ స్నేహితురాలు గృహహింస కేసులు వాదించే ప్లీడరు. కాలేజీ రోజుల నుంచీ ఒకరి మాట ఒకరు ఊరికే ఒప్పుకోని స్నేహం వాళ్లది.

ప్లీడరు: చదివాను డాక్టరమ్మా. ఎంత బిగించాలి, ఎంతసేపు ఉంచాలి, ఎలా కడగాలి, అన్నీ ఉన్నాయి. ఇది మాత్రం అచ్చు వెయ్యకు.

డాక్టరు: తప్పేమైనా రాశానా?

ప్లీడరు: తప్పు లేదు. నా భయం అదే. రేపు ఎవడో ఒక మొగుడు ఈ పేజీ చింపి జేబులో పెట్టుకుని ఇంటికెళ్తాడు. పెళ్లాం వద్దంటే, ప్రమాదం లేదని డాక్టరే రాసింది, నీకేం వచ్చింది అంటాడు. నీ సంతకం వాడి చేతిలో లైసెన్సు అవుతుంది.

డాక్టరు: అలాంటివాడికి లైసెన్సుతో పనేముంది? నా పేజీ దొరక్కపోతే దండెం మీది బట్టల క్లిప్పు పీక్కొస్తాడు. అసలు ఆ ఉత్తరం సరిగా చదివావా? పెట్టుకోవచ్చా అని ఆమె అడగలేదు. ఇద్దరికీ ఇష్టమేనని రాసింది. పెట్టినప్పటి కంటే తీసినప్పుడు నొప్పి ఎక్కువగా ఉంటోంది, లోపల ఏమైనా పాడవుతోందా అని అడిగింది. వస్తువు అమ్మేవాడు చెప్పడు. తల్లినీ అత్తనీ అడగలేదు. మన పత్రిక కనబడింది, అడిగింది.

ప్లీడరు: సరే, ఏం పాడవుతోంది?

డాక్టరు: నొక్కుకుపోయినంతసేపూ ఆ చోటికి రక్తం సరిగా అందదు. కాసేపటికి నరం కూడా మొద్దుబారుతుంది. అందుకే పెట్టిన కొన్ని నిమిషాలకు నొప్పి తగ్గినట్టుంటుంది. క్లాంపు తీయగానే రక్తం ఒక్క ఉదుటున వస్తుంది, మొద్దుబారిన నరం మేలుకుంటుంది. మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, లేవగానే జివ్వుమంటుందే, అలాగన్నమాట. కాసేపటిదైతే దానివల్ల నష్టమేమీ లేదు. కానీ నొప్పి తగ్గింది కదా అని ఇంకాసేపు ఉంచితే, మరను ఇంకో చుట్టు బిగిస్తే, అప్పుడు మొదలవుతుంది ముప్పు. రక్తం చాలాసేపు అందకపోతే కణజాలం దెబ్బతింటుంది, చర్మం కమిలి చిట్లుతుంది, చిట్లినచోట సూక్ష్మక్రిములు చేరతాయి. అక్కడ నొప్పి తగ్గడమే హెచ్చరిక అని ఎవరూ చెప్పకపోతే ఆమెకెలా తెలుస్తుంది?

ప్లీడరు: ఇంకా మొదటికి వెళ్దాం. నొప్పి కోరుకోవడమేమిటి? అది మనసుకు పట్టిన జబ్బు కాదా?

డాక్టరు: ఒకప్పుడు వైద్యం కూడా అలాగే అనుకుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5లో అభిరుచిని, రుగ్మతను విడదీశారు. దానివల్ల మనిషి కుమిలిపోతున్నా, బతుకు దెబ్బతింటున్నా, ఒప్పుకోనివాళ్ల మీద చేసినా అది రుగ్మత. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునేది అందులో జబ్బుగా లేదు. ఎదుటివాళ్లకు ఇష్టం లేకుండా బాధపెట్టి సుఖపడటాన్ని మాత్రం జాబితాలోనే ఉంచారు. పైగా చనుమొనది మామూలు చర్మం కాదు. 2011లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు స్త్రీల మెదడును స్కాన్ చేశారు. చనుమొనను తాకినప్పుడు ఛాతీ స్పర్శను గుర్తించే భాగంతో పాటు, జననాంగాల స్పర్శను గుర్తించే భాగం కూడా స్పందించింది.

ప్లీడరు: ఈ మాటే కోర్టులో ఎలా మారుతుందో తెలుసా? ఆమె శరీరం స్పందించింది గనక ఆమె ఒప్పుకున్నట్టే అంటారు అవతలి పక్షంవాళ్లు.

డాక్టరు: స్పందించేది నరం. ఒప్పుకోవలసింది మనిషి. ఆ మాట నా జవాబులో లేదు, చేరుస్తాను. కానీ ఇదంతా పడమటి నుంచి దిగిన సరుకని మాత్రం అనకు. కామసూత్రం రెండో అధికరణంలో గోటి గుర్తులకు ఒక అధ్యాయం, పంటి గుర్తులకు ఒకటి, దెబ్బలకూ వాటితో వచ్చే సీత్కారాలకూ ఇంకొకటి ఉన్నాయి. మనవాళ్లకు నొప్పికీ సుఖానికీ ఉన్న చుట్టరికం కొత్తగా ఎవరూ నేర్పలేదు.

ప్లీడరు: ఆ దెబ్బల అధ్యాయం చివరిదాకా చదివావా? చోళరాజు చిత్రసేన అనే గణికను అలాంటి దెబ్బతోనే చంపాడు. పాండ్యుల సేనాని నరదేవుడు ఒక నటి కన్ను పోగొట్టాడు. ఇక కుంతల శాతకర్ణి, మనం బడిలో మనవాళ్లని గర్వంగా చదువుకున్న శాతవాహనుల వంశంవాడే, తన మహారాణి మలయవతి ప్రాణం తీశాడు. పడకగదిలో, సరసంలో. మలయవతి ఏం కోరిందో, ఎక్కడ చాలు అన్నదో వాత్స్యాయనుడు ఒక్క ముక్క రాయలేదు.

డాక్టరు: ఆ చావులు ఆయన గొప్ప కోసం చెప్పలేదు. అవి దక్షిణాదివాళ్ల అలవాట్లనీ, క్రూరమైనవనీ, ఇతరులు పాటించదగ్గవి కావనీ అన్నాడు. మోహంలో ఒళ్లు తెలియదు కాబట్టి తన బలమెంతో, ఎదుటి మనిషి సుకుమారమెంతో ముందే తెలుసుకుని మెలగమన్నాడు. నేను రాసిందీ దాదాపు అదే.

ప్లీడరు: ఆయన చెప్పింది చేసేవాడికి. నువ్వు రాసిందీ చేసేవాడికే. బిగించేముందు చూసుకోండి, ఇంతసేపు ఉంచండి, శుభ్రంగా కడగండి అంటూ మొదటినుంచి చివరిదాకా బిగించేవాడితోనే మాట్లాడావు. పెట్టించుకున్న మనిషితో ఒక్క మాట లేదు. నీ జవాబులో నన్ను భయపెట్టింది అదే.

డాక్టరు: ఉత్తరం రాసింది ఆమే గదా అనుకున్నాను. నువ్వన్నాక చూస్తే నిజమే, వాక్యాలన్నీ మరోవైపు తిరిగి ఉన్నాయి. దాన్ని దిద్దుదాం. కానీ ముందు ఒకటి చెప్పు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకుంటే చట్టం ఏమంటుంది?

ప్లీడరు: దేశాన్ని బట్టి, గడపను బట్టి మారుతుంది. బ్రిటన్‌లో బ్రౌన్ కేసని పేరుమోసింది ఒకటుంది. కొందరు మగవాళ్లు తమలో తాము ఇష్టపడే ఇలాంటివి చేసుకున్నారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎవరికీ శాశ్వత గాయం కాలేదు. అయినా 1993లో లార్డ్స్ సభ న్యాయమూర్తులు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా, గాయం చేసిన నేరానికి సమ్మతి అడ్డురాదని శిక్షలు ఖాయం చేశారు. 1997లో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా ఆ తీర్పును తప్పుపట్టలేదు. మధ్యలో 1996లో విల్సన్ కేసు వచ్చింది. భార్య అడిగిందని భర్త ఆమె పిరుదుల మీద కాల్చిన కత్తితో తన పేరు పొడి అక్షరాలు వేశాడు. అప్పీలు కోర్టు అది నేరం కాదంది. మొగుడూ పెళ్లాల మధ్య ఇంట్లో ఇష్టంతో జరిగినది కోర్టులకు సంబంధించింది కాదంది.

డాక్టరు: కాలిన మచ్చ జీవితాంతం ఉంటుంది. అది వదిలేసి, మచ్చ మిగలనివాళ్లను జైల్లో పెట్టారా?

ప్లీడరు: పెళ్లి అనే తలుపు మీద న్యాయస్థానాలకున్న నమ్మకం అలాంటిది. ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో నేను రోజూ వింటాను కాబట్టి నాకా నమ్మకం లేదు.

డాక్టరు: విల్సన్ కేసు పోలీసుల దాకా ఎలా వెళ్లిందో గుర్తుందా?

ప్లీడరు: ఆమెను పరీక్షించిన డాక్టరు చెబితే.

డాక్టరు: చూశావా? ఆమె ఫిర్యాదు చేయలేదు, డాక్టరు చేశాడు. అందుకే చనుమొన కమిలినా, చీము పట్టినా మా దగ్గరకు రారు. వచ్చినా తలుపు గడియ తగిలిందనో, పిల్లాడు కొరికాడనో చెబుతారు. అసలు కారణం తెలియకుండా నేను మందు రాయాలి. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పొచ్చు అని పత్రికలో ఒక వాక్యం కనబడితే, వాళ్లలో ఒక్కరైనా వేళకు వస్తారు. మరి మన దేశంలో ఎలా?

ప్లీడరు: భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్ ఉంది. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి ఒప్పుకుంటే, చావుకో తీవ్ర గాయానికో దారితీస్తుందని తెలియని, ఆ ఉద్దేశం లేని పని నేరం కాదు. సరదాకి కత్తిసాము ఆడేవాళ్లను అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో ఉండవలసి వచ్చినా, అన్ని రోజులు మామూలు పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయం కిందే లెక్క. ఇక 28వ సెక్షన్ ప్రకారం, భయపడో పొరబడో ఒప్పుకున్నట్టు ఎదుటివాడికి తెలిసి ఉంటే అది సమ్మతి కాదు. తానేం ఒప్పుకుంటున్నదీ తెలియనంత మత్తులో ఉన్న మనిషి మాటా చెల్లదు. ఇంతవరకూ బాగానే ఉంది. అదే సంహితలో 63వ సెక్షన్ దగ్గరికి వస్తే, పద్దెనిమిదేళ్లు నిండిన భార్యతో భర్త చేసేది అత్యాచారం కాదన్న మినహాయింపు ఇంకా ఉంది. అలాంటి ఆడవాళ్లకు 2005 నాటి గృహహింస చట్టం ఒక దారి. అందులో లైంగిక హింస కూడా హింసేనని స్పష్టంగా ఉంది. ఇప్పుడు చెప్పు, వద్దనే హక్కు చట్టంలోనే సగం ఉన్న ఇంట్లో, ఇష్టమే అన్న మాటకు విలువెంత?

డాక్టరు: ఆ మాటను విడిగా తూచలేం. ఒకటి చూస్తాను. పెట్టుకున్న మనిషి ఏ క్షణంలోనైనా తీసేయగలదా? తీసేసినందుకు ఆ రాత్రి గానీ మర్నాడు గానీ మూతిముడుపులు, తిట్లు, డబ్బు ఆపడం లాంటివి ఉంటాయా? ఉండవు అంటే ఆ ఇష్టాన్ని నమ్ముతాను. తీయడం కుదరదంటే, పెట్టడానికి చేసిన సంతకం ఎంత అందంగా ఉన్నా నమ్మను.

ప్లీడరు: అలా అయితే జవాబు అక్కడ మొదలుపెట్టు. బిగించడం తర్వాత, తీయడం ముందు.

డాక్టరు: సరే, వరస మారుద్దాం. నేను చెబుతాను, అడ్డు తగులుతూ ఉండు.

ప్లీడరు: ఆ పని నాకు బాగా వచ్చు.

డాక్టరు: తీయాలనిపిస్తే వెంటనే తీసేయాలి, కారణం చెప్పనక్కర్లేదు. ఆపమనడానికి ముందే ఒక మాట అనుకోవాలి. చాలామంది వాడేది ‘రెడ్’. ఆ మాట వినబడితే అన్నీ ఆపి తీసేయాలి. ‘ఎల్లో’ అంటే తగ్గించాలి. నోటికి అడ్డుగా ఏమైనా ఉంటే చేతిలో తాళాల గుత్తి పట్టుకోవాలి, జారవిడిస్తే ఆపమన్నట్టు.

ప్లీడరు: వద్దు అంటే చాలదా? దానికి మళ్లీ సంకేత భాషా?

డాక్టరు: చాలాలి. ఉత్తుత్తి వద్దులతో ఆడుకోవడం ఇద్దరికీ సరదా అయిన జంటలున్నారు, వాళ్ల కోసం ఆ సంకేతం. అలా ముందే అనుకోనివాళ్లకు వద్దు అంటే వద్దే. రెండోది, చేతులు కట్టేసి ఉన్నా, కళ్లకు గంతలున్నా, ఆ మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. ఫోనొచ్చిందని వరండాలోకి వెళ్లకూడదు. పెట్టుకుని నిద్రపోకూడదు. మద్యం తాగినా, మత్తుమందు తీసుకున్నా ఆ పూటకు దాని జోలికి పోకూడదు, ఎందుకంటే అప్పుడు నొప్పి తెలియదు, మాటా నిలకడగా ఉండదు.

ప్లీడరు: తీయడం ఎలాగో రాయలేదు. లాగేస్తే?

డాక్టరు: లాగకూడదు. క్లాంపు నోరు పూర్తిగా తెరిచి, ఒకటి తీసి, కాసేపాగి రెండోది తీయాలి. తీసిన చోట అరచేత్తో మెత్తగా అదిమిపెడితే ఆ జివ్వుమనే నొప్పి సర్దుకుంటుంది. వెంటనే రుద్దడం, మళ్లీ అక్కడే పెట్టడం చేయకూడదు.

ప్లీడరు: ఇప్పుడు పెట్టడం చెప్పు.

డాక్టరు: మర తిప్పి బిగువు మార్చుకునేవి, కొనకు రబ్బరు తొడుగున్నవి మేలు. పట్టకారులా ఉండి రింగుతో సర్దుకునేవీ మెత్తగానే ఉంటాయి. క్లోవర్ క్లాంపులని ఒక రకం ఉన్నాయి, గొలుసు లాగితే ఇంకా బిగుసుకుంటాయి. కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లకూడదు. బట్టల క్లిప్పులకూ, కాగితాలకు పెట్టే బైండర్ క్లిప్పులకూ బిగువు తగ్గించే వీలుండదు. మొన చివర మాత్రమే పట్టేలా పెడితే జారిపోయి చీరుకుంటుంది, నొప్పీ ఎక్కువే. కాస్త వెనక్కి, కండ కూడా కలిసేలా పెట్టాలి. మొదటిసారి రెండు మూడు నిమిషాలు చాలు. అలవాటున్నవాళ్లు కూడా పది, పదిహేను నిమిషాలు దాటనివ్వరు. గడియారం చూసుకోవాలి, మొహం చూసి లెక్కకట్టకూడదు. రంగు తెల్లగానో నీలంగానో మారినా, చల్లబడినా, స్పర్శ తెలియకపోయినా గడువు సంగతి వదిలేసి అప్పుడే తీసేయాలి. బరువులు వేలాడదీయడం, గొలుసును మంచానికో తలుపుకో కట్టడం వద్దు. మనిషి కాలు జారితే ఆ బరువంతా అక్కడే పడుతుంది.

ప్లీడరు: ఎంత బిగువో ముందు ఎవరు చూడాలి?

డాక్టరు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం మీద పెట్టి చూడొచ్చు.

ప్లీడరు: అంతకంటే మంచి సంగతి చెబుతాను. మొదట ఆయన పెట్టుకోవాలి. రెండిటికీ. మూడు నిమిషాలు.

డాక్టరు: నవ్వులాటకు అన్నా అది మంచి సలహాయే. మగవాళ్లకూ అక్కడ ఉండేది అదే నరం, నాలుగో పక్కటెముక వెంట వచ్చేది. తీసేటప్పుడు ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి మర తిప్పేటప్పుడు తొందరపడదు. రాసుకో.

ప్లీడరు: అసలు ఎవరు పెట్టుకోకూడదు? అది నీ జవాబులో చివర చిన్నక్షరాల్లో ఉంది.

డాక్టరు: పైకి తెస్తాను. గర్భిణులు వద్దు. చనుమొనను ప్రేరేపిస్తే ఆక్సిటోసిన్ విడుదలవుతుంది, నెలలు నిండేకొద్దీ అది గర్భసంచిని సంకోచింపజేయొచ్చు. పాలిచ్చే తల్లులు వద్దు. పాలనాళాలు మూసుకుపోతే రొమ్ము వాచి జ్వరం వస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్లు, షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు, చలికి చనుమొనలు తెల్లబడి నొప్పెట్టే రేనాడ్స్ ఉన్నవాళ్లు వద్దు. రొమ్ముకు ఆపరేషను జరిగినా, అక్కడ కుట్టించుకున్న రింగు పూర్తిగా మానకపోయినా వద్దు. ఆ కుట్టు మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. చవక లోహంలో నికెల్ ఉంటుంది. గిల్టు కమ్మలు పడనివాళ్లకు అదీ పడదు, దురదతో దద్దుర్లు వస్తాయి. వాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు పేరు చూసి కూడా తొందరపడకూడదు, అందులోనూ నికెల్ ఉంటుంది. లోహాన్ని తాకనివ్వని తొడుగులు ఉండాలి. వాడాక సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఒకరివి ఇంకొకరు వాడకూడదు.

ప్లీడరు: మర్నాడు?

డాక్టరు: కాస్త ఎర్రదనం, బట్ట తగిలితే చురుక్కుమనడం ఒకటి రెండు రోజులుంటుంది. చల్లని నీళ్లలో ముంచిన గుడ్డ చాలు, ఐసు నేరుగా పెట్టకూడదు. గంటలు గడిచినా స్పర్శ రాకపోయినా, నల్లబడినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా డాక్టరు దగ్గరకు రావాలి. ఇంకొకటుంది, నేను చర్మవ్యాధుల డాక్టరుని కాబట్టి దాన్ని వదలను. ఒకవైపు చనుమొన మీద పొలుసులు, పుండు వారాల తరబడి మానకపోతే, రక్తపు చెమ్మ వస్తుంటే, క్లాంపు వల్లేలే అని సర్దిచెప్పుకోకూడదు. రొమ్ము క్యాన్సరులో ప్యాజెట్స్ అనే రకం అలాగే, మామూలు ఎగ్జిమాలా కనబడుతుంది.

ప్లీడరు: అది తెలిసి, సిగ్గుతో ఇంట్లో కూర్చున్న మనిషి ఒక్కతి ఆసుపత్రికి వచ్చినా ఈ పేజీకి అర్థముంది. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ అడుగున ఒక వాక్యం వెయ్యాలి. మీకిష్టం లేకుండా ఎవరైనా ఇలాంటివి చేయిస్తుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

డాక్టరు: ఇష్టంతో చేసుకుంటున్నామని రాసిన మనిషికి చివర ఆ నెంబరు ఇస్తే, నీ మొగుడిని అనుమానిస్తున్నాం అన్నట్టుంటుంది. మళ్లీ మనకు ఉత్తరం రాస్తుందా?

ప్లీడరు: ఆ పత్రిక ఆమె ఒక్కతే చదవదు. వేలమంది చదువుతారు. అవసరం లేనివాళ్లు ఆ వాక్యం దాటేసి పోతారు. అవసరమున్న ఒక్కతి దగ్గర అది ఆగుతుంది.

డాక్టరు: అవసరం లేనివాళ్లు దాటేస్తారు, ఉన్నవాళ్ల దగ్గర ఆగుతుంది. నా జవాబు అచ్చు వేయొద్దని పొద్దుట్నుంచీ పోట్లాడుతున్నావే, దానికీ ఇదే సమాధానం కదా?

ప్లీడరు: నా వాదనతోనే నన్ను పడగొడితే ఎలా? సరే, నీ జవాబు వెయ్యి, నా నెంబరూ వెయ్యి. కానీ చివర కాదు, పైనే. తీసేసే హక్కు ఉందో లేదో అన్న ప్రశ్న పక్కన. అది లేదన్న మనిషి మర గురించీ గడియారం గురించీ చదవాల్సిన పని లేదు. ముందు ఆ ఫోన్ చేయాలి.